బ్రాస్ వాద్యకారులు కలిసి కూర్చుని వినవలసిన సింఫనీ రికార్డింగులు ఏవి?

ప్రశ్న: రెండో ట్రాంబోన్

అందరికీ నమస్కారం. ఒక ఔత్సాహిక ఆర్కెస్ట్రాలో నేను రెండో ట్రాంబోన్ వాయిస్తాను. రిహార్సల్ లేని వారాల్లో మా బ్రాస్ (ట్రంపెట్, హార్న్, ట్రాంబోన్, ట్యూబా లాంటి లోహపు ఊదువాద్యాల) విభాగం వాళ్లమంతా ఒకచోట చేరి, విడతకు ఒక సింఫనీ చొప్పున మొదటి స్వరం నుంచి చివరి స్వరం దాకా వినాలని అనుకుంటున్నాము. ఆడిషన్ల కోసం సింఫనీల్లోంచి చిన్న తునకలను ఏరి అచ్చువేసే ఎక్సర్ప్ట్ పుస్తకాల పుణ్యమా అని మాలో చాలామందికి ప్రతి సింఫనీలోనూ పదో పన్నెండో బార్లు (తాళపు కొలతలు) కంఠతా వచ్చు గానీ, ఆ బార్లకు ముందు ఏం నడుస్తుందో, మనం వాయిస్తున్నప్పుడు పక్కన ఎవరి పాట సాగుతోందో తెలియదు. బ్రామ్స్ మొదటి సింఫనీనే తీసుకోండి. మూడు భాగాలు పూర్తయ్యేదాకా ట్రాంబోన్లకు ఒక్క స్వరం కూడా లేదు. నాలుగో భాగంలో హార్న్ పిలుపు ముగిశాక మెత్తగా ఒక కోరల్ (చర్చి పాట లాంటి నెమ్మది గీతం) ఎత్తుకోవాలి, అందులో మొదటి ట్రాంబోన్‌కు వచ్చే తొలి స్వరమే పైస్థాయి 'ఎ'. అరగంటసేపు ఒళ్లో చల్లబడిన వాద్యాన్ని పెదవికి ఆనించి ఆ స్వరాన్ని వణుకు లేకుండా పుట్టించడంలోని కష్టం, ఇంట్లో ఆ కొద్ది బార్లే సాధన చేసేవారికి అర్థమయ్యేది కాదు.

ఇంతకుముందు నేను అడిగిన చోటల్లా 'బ్రాస్ అదిరిపోయే రికార్డింగులు' అంటూ జాబితాలు ఇచ్చారు. వాటిలో చాలావరకు విన్నాను. గట్టిగా వాయించడం మాకు ఇప్పటికే వచ్చు, నిజానికి అదొక్కటే బాగా వచ్చని మా కండక్టర్ అభిప్రాయం. నలుగురు కలిసి ఒకే నాదంగా ఎలా వినిపిస్తారో, ఎక్కడ తగ్గి ఎక్కడ తేలుతారో తెలిసే రికార్డింగులు కావాలి. పేరుతో పాటు ఏ చోట ఏం వినాలో కూడా ఒక మాట రాస్తే మా సమావేశాలకు ఎంతో ఉపయోగపడుతుంది.

సి ట్రంపెట్

అందరూ చెప్పే పేరే నేనూ చెబుతున్నందుకు విసుక్కోకండి. చికాగో సింఫనీ ఆర్కెస్ట్రాను పక్కన పెట్టి ఈ చర్చ మొదలుపెట్టడం సాధ్యం కాదు. అడాల్ఫ్ హెర్సెత్ అక్కడ 1948 నుంచి 2001 వరకు మొదటి ట్రంపెట్‌గా ఉన్నారు, ఆర్నాల్డ్ జేకబ్స్ 1944 నుంచి 1988 వరకు ట్యూబా వాయించారు, 1966లో హార్న్ స్థానంలోకి డేల్ క్లెవెంజర్ వచ్చేసరికి ట్రాంబోన్ విభాగాన్ని జే ఫ్రీడ్‌మన్ నడిపిస్తున్నారు. అంటే ఇరవై ఏళ్లకు పైగా అవే నాలుగు ముఖ్య స్థానాల్లో అదే నలుగురు కూర్చున్నారన్నమాట. ఆ విభాగం పేరు చెప్పగానే ఎంత గట్టిగా వాయించేవారో అనే మాట ముందు వస్తుంది, కానీ ఒకరి ఊపిరి ఎప్పుడు అందుకుంటుందో మరొకరికి చూడకుండానే తెలిసిపోవడం అంతకంటే పెద్ద సంగతి, అది రికార్డింగుల్లో స్పష్టంగా వినిపిస్తుంది.

జార్జ్ షోల్టీ కండక్టర్‌గా 1970లో రికార్డు చేసిన మాలర్ ఐదో సింఫనీతో మొదలుపెట్టండి. ఒంటరి ట్రంపెట్‌తో మొదలయ్యే ఆ పిలుపులో మూడేసి చిన్న స్వరాలు వచ్చి ఒక పొడుగు స్వరం మీద వాలతాయి. ఆ మూడు స్వరాలను సైనిక బ్యాండ్ల పద్ధతిలో కాస్త తొందరగా, ముందుకు తోసినట్టు వాయించాలని మాలర్ స్కోరులోనే (అన్ని వాద్యాల వరుసలూ కలిపి రాసిన స్వరలిపిలోనే) రాశాడు. మెట్రోనోమ్ పెట్టుకుని సమానంగా సాధన చేసినవారికి ఇక్కడ హెర్సెత్ వాయించింది తప్పులా వినిపించవచ్చు, కానీ స్కోరు అడిగినది అదే. మొదటి భాగం చివర అదే పిలుపు సన్నబడి, ట్రంపెట్ నుంచి ఫ్లూట్‌కు చేరి ఆరిపోతుంది. ఆర్భాటంగా ఎత్తుకున్న మనిషే అక్కడ ఎంత చిన్న నాదంతో ముగిస్తాడో మీవాళ్లందరి చేతా వినిపించండి. వీలైతే ఆ తరవాత, అదే ఆర్కెస్ట్రాతో క్లాడియో అబ్బాడో చేసిన ఐదో సింఫనీని కూడా వినండి. అవే కుర్చీల్లోంచి వచ్చే నాదం కండక్టర్ మారితే ఎంత మారుతుందో తెలుస్తుంది. షోల్టీ దగ్గర ప్రతి స్వరానికీ అంచు ఉంటుంది, అబ్బాడో దగ్గర ఆ అంచులు కొంత కరుగుతాయి. నాకు షోల్టీయే ఇష్టం, మా హార్న్ వాళ్లు ఒప్పుకోరు.

ఇంకొకటి, లెనార్డ్ బెర్న్‌స్టీన్ 1988లో చికాగో వారితోనే కచేరీలో రికార్డు చేసిన షొస్టకోవిచ్ ఏడో సింఫనీ. మామూలు బ్రాస్‌కు తోడు నాలుగు హార్న్లు, మూడు ట్రంపెట్లు, మూడు ట్రాంబోన్లు అదనంగా కావాలని స్వరకర్త కోరాడు కనుక మొత్తం ఎనిమిది హార్న్లు, ఆరు ట్రంపెట్లు, ఆరు ట్రాంబోన్లు, ఒక ట్యూబా అవుతాయి. మీరు వద్దన్న శబ్దం ఇందులో కావలసినంత ఉంది. అయినా ఎందుకు సూచిస్తున్నానంటే, చివరి పేజీల్లో అంతమంది అంతసేపు నిండు బలంతో వాయిస్తున్నా ఎక్కడా శ్రుతి పైకి పాకదు, కార్డ్‌లోని (ఒకేసారి మోగే స్వరాల గుంపులోని) ఏ స్వరమూ మిగతావాటిని మింగదు. గట్టిగా వాయించడం అంటే ఇదీ అని మీ కండక్టర్‌గారికి కూడా వినిపించవచ్చు.

నాలుగో హార్న్

సి ట్రంపెట్ గారు చెప్పిన రికార్డింగులపై నాకు అభ్యంతరం లేదు, కానీ వాటినే ముందుగా వినిపించడం మీద ఉంది. చికాగో నాదాన్ని కొలబద్దగా పెట్టుకుని చెవిని తయారు చేసుకుంటే, దానికి భిన్నంగా వినిపించేదంతా లోపంగా తోస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మూడొంతులు గడిచేవరకు ఒక్కో దేశపు బ్రాస్‌కు ఒక్కో గొంతు ఉండేది. ఆ గొంతులు రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి. ముందు వాటిని వింటే మీ విభాగం ఎలా వినిపించాలో మీరే ఎంచుకోగలుగుతారు.

కండక్టర్ యెవ్‌గెనీ మ్రవిన్‌స్కీ, లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్ 1960లో పశ్చిమ ఐరోపా పర్యటనలో ఉండగా రికార్డు చేసిన చైకోవ్‌స్కీ నాలుగు, ఐదు, ఆరు సింఫనీలు ఇందుకు తగిన ఆరంభం. ఐదో సింఫనీ రెండో భాగంలో కింది తీగవాద్యాలు దారి పరిచాక హార్న్ సోలో వస్తుంది. మనకు అలవాటైన నిశ్చలమైన స్వరం కాదది. గాయకుడి గొంతులో ఉండేటంతటి వైబ్రాటోతో (స్వరంలోని సన్నని కంపనతో), కొన్నిచోట్ల సాక్సోఫోన్ అని పొరబడేటంత మెత్తగా సాగుతుంది. నవ్వొస్తే ఒకసారి నవ్వుకుని రెండోసారి వినండి. వాక్యం ఎక్కడ విరుస్తున్నాడో, క్లారినెట్ జవాబు చెప్పేటప్పుడు తన స్వరాన్ని ఎంత వెనక్కు లాగుతున్నాడో గమనిస్తే నవ్వు పోతుంది. అదే ఆర్కెస్ట్రా ట్రంపెట్లు, ట్రాంబోన్లు మాత్రం కత్తిలా ఉంటాయి. ఆ రెండు స్వభావాలు ఒకే వేదిక మీద ఇమిడిపోవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

తరవాత బ్రుక్నర్ నాలుగో సింఫనీ మొదటి నిమిషాన్ని రెండు రికార్డింగుల్లో పక్కపక్కన పెట్టి వినండి. ఒకటి కార్ల్ బోమ్, వియన్నా ఫిల్హార్మోనిక్‌తో 1973లో చేసినది. రెండోది ఒయ్గెన్ యోహుమ్, డ్రెస్డెన్ స్టాట్స్‌కపెల్లెతో చేసినది, 1975-80 మధ్య పూర్తయిన మొత్తం బ్రుక్నర్ సంపుటిలో దొరుకుతుంది. తీగవాద్యాలు వినీ వినిపించనట్టు కంపిస్తుంటే హార్న్ 'బి ఫ్లాట్' నుంచి కిందికి 'ఇ ఫ్లాట్'కు దిగి మళ్లీ 'బి ఫ్లాట్'కు ఎక్కుతుంది. రెండోసారి పిలిచేటప్పుడు మొదటి స్వరం ఒక అర మెట్టు పైకి, 'సి ఫ్లాట్'కు జరుగుతుంది, అంతే, వెలుతురు మీద మబ్బు కమ్మినట్టవుతుంది. ఆ అర మెట్టును ఎవరు ఎలా పలికించారన్నదే ఇక్కడ వినవలసినది. వియన్నా వారిది వాళ్లకే ప్రత్యేకమైన ఎఫ్ హార్న్. గొట్టం సన్నం, వాల్వ్‌లు జంట పిస్టన్ల పాత పద్ధతివి. స్వరం నుంచి స్వరానికి జారుడు నునుపుగా ఉంటుంది గానీ, పైస్థాయిలో గురి తప్పే ప్రమాదం మనం వాయించే డబుల్ హార్న్ కంటే ఎక్కువ. ఆ ప్రమాదం తెలిసినవారికి బోమ్ రికార్డింగ్‌లోని నిబ్బరం విలువ తెలుస్తుంది. డ్రెస్డెన్ హార్న్‌లో పల్చని వైబ్రాటో వినిపిస్తుంది, యోహుమ్ నడక కూడా ఎక్కువ కుదురుగా ఉండదు, ఉద్రేకం వచ్చినచోట పరుగెత్తిస్తాడు. అక్కడక్కడా బ్రాస్ అంచులు గరుకుగానే ఉంటాయి, ఆ సంగతి ముందే చెబుతున్నాను.

మీరు ప్రస్తావించిన బ్రామ్స్ మొదటి సింఫనీలో ట్రాంబోన్లకు ముందు వచ్చే మా హార్న్ పిలుపును కూడా దయచేసి శ్రద్ధగా వినండి. మొదటి హార్న్ పొడుగు స్వరం చివరికి చేరేసరికి రెండో హార్న్ అదే స్వరాన్ని అందుకునేలా బ్రామ్స్ రాశాడు కనుక, మొదటివాడు ఊపిరి పీల్చుకున్న జాడ శ్రోతకు తెలియకూడదు. ఎన్నో పేరున్న రికార్డింగుల్లో ఆ అతుకు వినిపిస్తుంది. జార్జ్ సెల్, క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో 1960లలో చేసినదానిలో నాకు వినిపించలేదు. బ్రామ్స్ కాలపు వాద్యాలతో ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే జాన్ ఎలియట్ గార్డినర్ 2008లో విడుదల చేసినది ఉంది. అందులో ట్రాంబోన్ల కోరల్ తేలికగా, చర్చిలో పాడుకునే పాటలాగే వినిపిస్తుంది, ఆధునిక ట్రాంబోన్లతో వచ్చే బరువు ఉండదు.

మంద్రస్థాయి

ట్యూబా వాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కనుక నేను ఎత్తుతున్నాను. జేకబ్స్ పేరు వచ్చింది నిజమే, కానీ ఆయన ఏం వాయించారో చెప్పలేదు!

డ్వొర్‌జాక్ తొమ్మిదో సింఫనీలో ట్యూబాకు పని రెండో భాగంలో మాత్రమే ఉంది. మొదట్లో కొన్ని కార్డ్‌లు, చివర మళ్లీ అవే కొన్ని, మిగతా కచేరీ అంతా శ్రోతగా కూర్చోవడమే. మా వాద్యం వాళ్లు దీన్ని హాస్యంగా చెప్పుకుంటారు గానీ ఆ కొద్ది కార్డ్‌లే మీ విభాగానికి ఒక సాయంత్రానికి సరిపడా పాఠం. 'ఇ మేజర్' దగ్గర బయలుదేరి ఎంతో దూరాన ఉన్న 'డి ఫ్లాట్ మేజర్'కు అంత తక్కువ అడుగుల్లో చేరాలి, దారిలో ప్రతి కార్డ్‌కూ శ్రుతి కేంద్రం మారుతుంది, అదంతా మెత్తగా జరగాలి. కారెల్ అంచెర్ల్, చెక్ ఫిల్హార్మోనిక్ 1961లో చేసిన రికార్డింగ్‌లో ఈ చోటును కింది స్వరాలకు చెవి ఒగ్గి వినండి, ట్రంపెట్ వాళ్లను కూడా అలాగే వినమనండి. పై స్వరం ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది, దాన్ని వెతకనక్కర లేదు.

బ్రుక్నర్ ఏడో సింఫనీ నా రెండో సూచన. 1884లో లైప్‌జిగ్‌లో ఆర్తర్ నికిష్ మొదటిసారి వాయింపజేసిన ఈ సింఫనీలో రెండో భాగాన్ని నాలుగు వాగ్నర్ ట్యూబాలు ఎత్తుకుంటాయి, వాటి అడుగున కాంట్రాబాస్ ట్యూబా ఉంటుంది. పేరు ట్యూబాయే అయినా వాటిని వాయించేది హార్న్ వాళ్లు, మౌత్‌పీస్ కూడా హార్న్‌దే. ఆ వాద్యాల శ్రుతిని అదుపులో పెట్టడం ఎంత కష్టమో నాలుగో హార్న్ గారు చెప్పాలి. ఆ భాగం రాస్తుండగా 1883 ఫిబ్రవరిలో స్వరకర్త వాగ్నర్ మరణించాడు. భాగం చివర ఆ నాలుగు ట్యూబాలు, కాంట్రాబాస్ ట్యూబా కలిసి పాడే చోటు ఆయన స్మృతికి రాసినది. హెర్బర్ట్ ఫాన్ కరయాన్ 1989 ఏప్రిల్‌లో వియన్నా వారితో చేసిన రికార్డింగ్, అదే ఆయన ఆఖరి రికార్డింగ్, ఇక్కడ వినదగినది. ఆర్కెస్ట్రా చాలా నెమ్మదిగా ఊపిరి తీస్తుంది. గుంటర్ వాండ్ 1999లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో కచేరీలో చేసినది నిర్మాణం పరంగా ఇంకా గట్టిగా ఉంటుంది, ట్యూబా స్వరం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గీత గీసినట్టు తెలుస్తుంది. రెండింటిలో ఒక్కటే వినే తీరిక ఉంటే వాండ్‌ది వినండి.

ట్యూబా పుట్టకముందు మా స్థానంలో ఎవరుండేవారో తెలుసుకోవాలనే కుతూహలం ఉంటే, బెర్లియోజ్ 'సింఫనీ ఫాంటాస్టిక్'ను గార్డినర్ 1991లో పాత వాద్యాలతో చేసిన రికార్డింగ్ వినండి. 1830లో ఆ సింఫనీ మొదటిసారి వినిపించిన ప్యారిస్ కన్సర్వేటరీ పాత హాల్లోనే దాన్ని రికార్డు చేశారు. చివరి భాగంలో మృతుల కోసం పాడే పాత చర్చి గీతం 'డీయెస్ ఈరే' ఒఫిక్లైడ్, సర్పెంట్ అనే పాత వాద్యాల గొంతుల్లో వికారంగా, వెటకారంగా వినిపిస్తుంది. ఆధునిక ట్యూబా మీద నేను ఎంత ప్రయత్నించినా ఆ వికారం తేలేకపోయాను, వాద్యం మరీ మర్యాదస్తురాలు.

ఒక ముఖ్యమైన మనవి. వీటిలో దేన్నీ ఫోన్ స్పీకర్ మీద వినకండి. అందులో ట్యూబా స్వరానికి మూలం పోయి పై హార్మోనిక్స్ మాత్రమే మిగులుతాయి, మీరు విన్నామనుకునేది మీ చెవి ఊహించుకున్నదే అవుతుంది.

స్కోరు చదువరి

క్లుప్తంగా రెండు మాటలు. బ్రామ్స్, బ్రుక్నర్, డ్వొర్‌జాక్, చైకోవ్‌స్కీ స్కోరులు కాపీరైట్ గడువు దాటినవి కనుక ఐఎంఎస్‌ఎల్‌పీ అనే స్వరలిపుల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వినేటప్పుడు ఎవరి వరుస వాళ్లు చూసుకోకుండా, ట్రంపెట్ వాళ్లు రెండో ట్రాంబోన్ వరుసను, హార్న్ వాళ్లు ట్యూబా వరుసను అనుసరించేలా కాగితాలు మార్చి పంచండి.

సింఫనీ అని కచ్చితంగా అనలేకపోయినా యనాచెక్ 1926 నాటి 'సిన్‌ఫొనియెట్టా'ను వదలకండి. బాస్ ట్రంపెట్లు, టెనర్ ట్యూబాలతో కలిపి ఇరవై ఐదుగురు బ్రాస్ వాళ్లు కావాలి. చార్ల్స్ మకెరాస్, వియన్నా వారి రికార్డింగ్ అందరికీ తెలిసినదే.

రెండో ట్రాంబోన్

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కాగితాలు మార్చి పంచాలన్న సూచన మావాళ్లకు చెప్పగానే ట్రంపెట్లు అలిగాయి, కనుక తప్పకుండా అమలు చేస్తాము. నాలుగో హార్న్ గారి మాట ప్రకారం పాత గొంతులతో మొదలుపెట్టి, సి ట్రంపెట్ గారి మాలర్‌ను మూడో విడతకు ఉంచుతున్నాను.

ఇంకొక సందేహం. ఇంతవరకు ట్రాంబోన్ల కోసం ప్రత్యేకంగా ఎవరూ ఏమీ చెప్పలేదు. మాలర్ మూడో సింఫనీలోని సోలో ఉందని తెలుసు, ఏ రికార్డింగ్ వినాలో తెలియదు. బ్రామ్స్‌లో లాగా ఎంతోసేపు ఊరికే కూర్చుని ఒక్కసారిగా ఎత్తుకోవలసిన సింఫనీలు ఇంకేమైనా ఉన్నాయా?

ఆల్టో క్లెఫ్

ఉన్నాయి. మీరు అడిగిన కష్టానికి బ్రామ్స్ కంటే ముందే దారి వేసినవాడు షూమన్. 1850లో రాసిన మూడో సింఫనీ, 'రైనిష్' అని పిలిచేది, ఐదు భాగాలది. మొదటి మూడింటిలో ట్రాంబోన్లు లేవు, నాలుగో భాగంలో హార్న్లతో కలిసి గంభీరంగా, మెత్తగా ప్రవేశిస్తాయి. మొదటి వరుస ఆల్టో ట్రాంబోన్ (మామూలు టెనర్ కంటే చిన్నది, శ్రుతి ఎక్కువ) కోసం రాసినది, పైస్థాయి 'ఇ ఫ్లాట్' దాకా ఎక్కుతుంది. టెనర్ ట్రాంబోన్ మీద ఆ స్వరం పట్టగలిగినా గొంతు నొక్కినట్టు వినిపిస్తుంది. వోల్ఫ్‌గాంగ్ జవాలిష్, డ్రెస్డెన్ వారితో 1972లో చేసిన షూమన్ సంపుటిలో ఈ భాగం వినండి. ట్రాంబోన్లు ప్రవేశించాయని వెంటనే తెలియదు, హార్న్ నాదం ఎందుకో చిక్కబడిందని మాత్రం అనిపిస్తుంది, రెండు బార్లు గడిచాక గానీ కారణం అర్థం కాదు. మీ మొదటి ట్రాంబోన్, మీ హార్న్లు పక్కపక్కన కూర్చుని వినవలసిన చోటు ఇది.

మాలర్ మూడో సింఫనీకి యాషా హోరెన్‌స్టైన్, లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో 1970లో చేసిన రికార్డింగ్ వినండి. సోలో వాయించినది డెనిస్ విక్, మనలో చాలామంది ఆయన పేరున్న మౌత్‌పీసులనో మ్యూట్లనో వాడుతూనే ఉంటారు. అరగంట దాటే మొదటి భాగంలో ఆ సోలో ఒక్కసారి వచ్చి పోయేది కాదు, మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చిన ప్రతిసారీ స్వభావం మారుతుంది. మొదటిసారి శాసిస్తున్నట్టు ఉన్నది చివరికి వచ్చేసరికి దుఃఖంగా మారుతుంది. ఎక్సర్ప్ట్ పుస్తకం మొదటి రూపాన్నే ఎక్కువగా సాధన చేయిస్తుంది కనుక ఆడిషన్‌లో అందరూ కోపంగానే వాయిస్తారు. విక్ చివరి రూపాన్ని ఎంత నిదానంగా పలికించాడో వినండి. మూడో భాగంలో దూరం నుంచి వినిపించే, పాతకాలపు తపాలా బండ్ల కొమ్ము అయిన పోస్ట్‌హార్న్ సోలో ట్రంపెట్ వాళ్లకు వదిలేస్తున్నాను.

చివరగా సిబేలియస్ ఏడో సింఫనీ, 1924 నాటిది, ఒకే భాగంగా ఇరవై నిమిషాల చిల్లర నడుస్తుంది. ట్రాంబోన్ పాట మూడుసార్లు వస్తుంది, మూడుసార్లూ చుట్టూ ఆర్కెస్ట్రా ఏదో ఒక కదలికలో ఉంటుంది, ఆ కదలిక మీదుగా తేలాలి గానీ దాన్ని తొక్కకూడదు. మ్రవిన్‌స్కీ లెనిన్‌గ్రాడ్ వారితో 1965లో కచేరీలో చేసినదానిలో ట్రాంబోన్ వైబ్రాటో వింటే మీవాళ్లు మళ్లీ నవ్వుతారు. కోలిన్ డేవిస్, బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో 1970లలో చేసినదానిలో అదే పాట ఆర్కెస్ట్రా లోపలి నుంచి పుట్టుకొచ్చినట్టు ఉంటుంది. నా ఓటు డేవిస్‌కే. నాలుగో హార్న్ గారు మ్రవిన్‌స్కీ వైపు నిలబడతారని తెలుసు.

నాలుగో హార్న్

నిలబడతాను. మంద్రస్థాయి గారు అడిగారు కనుక చెబుతున్నాను: వాగ్నర్ ట్యూబాలో మనం హార్న్‌లో చేసినట్టు వాద్యం వెడల్పాటి మూతిలోపల చెయ్యి పెట్టి శ్రుతి సవరించుకునే వీలు లేదు, పెదవితోనే అంతా సరిచేయాలి. నలుగురూ ఒకేసారి తలో వైపు సరిచేయడం మొదలుపెడితే ఏమవుతుందో, ఏడో సింఫనీ రెండో భాగాన్ని సాధారణ ఆర్కెస్ట్రాలు కచేరీలో వాయించగా విన్నవారికి తెలిసే ఉంటుంది. అందుకే ఆ చోట వాండ్ రికార్డింగ్‌ను నేనూ బలపరుస్తున్నాను.